రెండు స్ట్రైకులు పడ్డాయి, మూడోది పడకుండా ఏం చేయాలి?

ప్రశ్న: తెలుగు టీచరుగా రిటైరయ్యాక, పాత సినిమా పాటల సాహిత్యాన్ని వివరిస్తూ ఒక యూట్యూబ్ ఛానెల్ పెట్టాను. నెలకు మూడు నాలుగు వేలు వస్తాయి. కాపీరైట్ ఉల్లంఘించానంటూ యూట్యూబ్ నుంచి ఆగస్టు 3న ఒక స్ట్రైకు, సెప్టెంబరు 9న ఇంకొకటి పడ్డాయి. రెండూ ఒకే ఆడియో కంపెనీ వేసినవి. మొదటిది పన్నెండు నిమిషాల వీడియో మీద. అందులో పాటను మూడు చోట్ల కొంచెం కొంచెం వినిపించి ఒక్కో చరణం వివరించాను. రెండోది పూర్తి పాట పెట్టి, కింద సాహిత్యం వేసిన వీడియో మీద. ఇప్పుడు ఆ కంపెనీ తరఫు మనిషినంటూ ఒకాయన వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. ఏడాదికి లక్షన్నర, పైన జీఎస్టీ కడితే స్ట్రైకులు తీయిస్తాడట, లేకపోతే మూడోది పడుతుందట. మా మనవరాలు పాడిన త్యాగరాజ కృతి మీద కూడా ఎవరిదో క్లెయిమ్ వచ్చింది. అరవై ఏళ్లు దాటిన పాటలు ఎవరైనా వాడుకోవచ్చంటారు, నిజమేనా? డబ్బు కట్టేయనా, ఛానెల్ మూసేయనా? ఇలాగైతే నెట్‌లో పాట గురించి నోరెత్తే వీలుంటుందా?
ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: డబ్బు కట్టకండి, ఛానెల్ మూయకండి. ముందు క్యాలెండరు మీద రెండు తేదీలు గుర్తు పెట్టుకోండి. స్ట్రైకు 90 రోజులకు దానంతటదే పోతుంది. ఆగస్టు 3న పడ్డ స్ట్రైకుకు 90 రోజులు నవంబరు 1న నిండుతాయి. సెప్టెంబరు 9న పడ్డదానికి డిసెంబరు 8న. అయితే దీనికో షరతుంది. యూట్యూబ్ పెట్టే కాపీరైట్ స్కూల్ అనే చిన్న పాఠం చూసి, దాని చివర ప్రశ్నలకు జవాబులిచ్చి ఉండాలి. అది చేయకపోతే 90 రోజులు దాటినా స్ట్రైకు పోదు. చాలామంది ఈ సంగతి తెలియక మూడు నెలలూ ఊరికే ఎదురుచూస్తారు. మీరు చేశారో లేదో ఇవాళే యూట్యూబ్ స్టూడియోలో, అంటే మీ ఛానెల్‌ను నడిపే పేజీలో చూసుకోండి.

మీకు అసలు గండం నవంబరు 1 దాకానే. ఆలోగా మూడోది పడితే ఛానెలూ అందులోని వీడియోలూ అన్నీ పోతాయి, మీరు మళ్లీ కొత్త ఛానెల్ తెరవడానికి కూడా యూట్యూబ్ ఒప్పుకోదు. మీది డబ్బు వచ్చే ఛానెల్, అంటే పార్ట్‌నర్ ప్రోగ్రాంలో ఉన్నది కాబట్టి మూడో స్ట్రైకు పడ్డాక ఏడు రోజుల వెసులుబాటు ఉంటుంది. ఆ ఏడు రోజుల్లో కొత్త వీడియోలు పెట్టలేరు కానీ అభ్యంతరం చెప్పుకోవచ్చు. ఎందుకైనా మంచిది, ఇవాళ రాత్రికే మీ వీడియోలన్నీ గూగుల్ టేకౌట్ ద్వారా దించుకుని ఒక హార్డ్ డిస్కులో పెట్టుకోండి.

మీ ఉత్తరంలో క్లెయిమ్, స్ట్రైకు, వాట్సాప్ బెదిరింపు మూడూ ఒకే గాటన కట్టారు. ఇవి మూడూ వేరు, ఒక్కోదానికి మందు ఒక్కోటి.

క్లెయిమ్ అంటే కంటెంట్ ఐడీ అనే యంత్రం వేసేది. ఆడియో కంపెనీలు తమ పాటల ఫైళ్లను ముందే యూట్యూబ్‌కు ఇచ్చి ఉంచుతాయి. ఎవరు వీడియో పెట్టినా యంత్రం ఆ ఫైళ్లతో పోల్చి చూస్తుంది. కలిస్తే కంపెనీ ముందే చెప్పినట్టు చేస్తుంది: ప్రకటనల డబ్బు కంపెనీకి మళ్లిస్తుంది, లేదా వీడియోను ఆపేస్తుంది, లేదా ఎంతమంది చూశారో లెక్క మాత్రం చెబుతుంది. దీనివల్ల ఛానెల్‌కు ప్రాణాపాయం లేదు. స్ట్రైకు అలా కాదు. హక్కుదారు, లేదా హక్కుదారునని చెప్పుకునేవారు, ఫలానా వీడియో తీసేయండి అని చట్టప్రకారం రాతపూర్వకంగా అడిగితే పడేది. అది 1998 నాటి అమెరికా చట్టం డీఎంసీఏ ప్రకారం నడిచే వ్యవహారం. అడిగిన వెంటనే తీసేస్తే యూట్యూబ్‌కు బాధ్యత ఉండదు, తీయకుండా ఉంచితే తలనొప్పి. అందుకే ముందు తీసేస్తుంది, మీ మాట తర్వాత వింటుంది. ఇక వాట్సాప్ మెసేజ్ చట్టం కంట్లో ఏమీ కాదు, ఒక బేరం మాత్రమే.

మీ రెండు స్ట్రైకులనూ ఒకే తీరుగా చూడకండి. మొదటి వీడియో విషయంలో మీ వాదనకు బలముంది, రెండోదాంట్లో లేదు.

మన కాపీరైట్ చట్టం 1957లో సెక్షన్ 52(1)(ఎ) ప్రకారం విమర్శ కోసం, సమీక్ష కోసం ఏ రచననైనా న్యాయమైన మేరకు వాడుకుంటే అది ఉల్లంఘన కాదు. న్యాయమైన మేర అంటే ఎంత? చట్టంలో సెకన్లు లేవు. ముప్ఫై సెకన్ల లోపు ఫర్వాలేదన్న మాట ఎక్కడ పుట్టిందో గానీ, దానికి మన దేశంలోనూ అమెరికాలోనూ ఏ ఆధారమూ లేదు. 1996లో కేరళ హైకోర్టు ఒక నాటకం కేసులో మూడు విషయాలు చూడమంది: చేసిన వ్యాఖ్యతో పోలిస్తే తీసుకున్న భాగమూ దాని విలువా ఎంత, దేనికోసం తీసుకున్నారు, దానివల్ల అసలు రచనకు పోటీ అయ్యే అవకాశం ఉందా. మీ మొదటి వీడియోను ఈ మూడింటితో కొలవండి. పన్నెండు నిమిషాల్లో పాట ఒక నిమిషం లోపే ఉండి, ప్రతి ముక్క వెనుకా ఆ చరణం మీద మీ మాటే ఉంటే, పాట వినాలనుకున్నవాడు ఆ వీడియో చూసి సరిపెట్టుకోడు. రెండో వీడియో చూసినవాడు సరిపెట్టుకుంటాడు. కింద సాహిత్యం వేయడం విమర్శ కాదు. “క్రెడిట్స్ అన్నీ యజమానులవే” అని రాసినా, డబ్బు రాకపోయినా, సదుద్దేశమే అయినా ఆ వీడియో నిలవదు.

కాబట్టి మొదటిదానికి కౌంటర్ నోటిఫికేషన్ పంపండి, అంటే తీసివేత తప్పని, వీడియో తిరిగి పెట్టమని యూట్యూబ్‌కు రాసే అభ్యంతరం. రెండోదాని జోలికి పోకండి. పూర్తి పాటలు పెట్టిన వీడియోలు ఇంకేమైనా ఉంటే, వాటి మీద స్ట్రైకు పడకముందే తీసేయండి. స్ట్రైకు పడ్డాక వీడియో తీసేసినా స్ట్రైకు పోదు, ఈ తేడా గుర్తుంచుకోండి. కొన్నిసార్లు కంపెనీలు ఏడు రోజుల గడువుతో తీసివేత కోరతాయి. అలాంటి మెయిల్ వస్తే ఆ ఏడు రోజుల్లో మీరే వీడియో తీసేస్తే స్ట్రైకు పడదు. యూట్యూబ్‌కు ఇచ్చిన మెయిల్ రోజూ చూడండి, స్పామ్ ఫోల్డరు కూడా.

కౌంటర్ నోటిఫికేషన్ ఎలా రాయాలన్నది ముఖ్యం, ఎందుకంటే యూట్యూబ్ ముందు దాన్ని తానే చదువుతుంది, కారణం సరిగా లేదనుకుంటే కంపెనీకి పంపకుండానే తిప్పికొడుతుంది. “నాకు తెలియదు”, “అందరూ వాడుతున్నారు”, “కవి పేరు చెప్పాను”, “ఇరవై సెకన్లే” అన్నవి తిరిగొచ్చే కారణాలు. స్టూడియోలో కంటెంట్ జాబితాకు వెళ్లి, ఆ వీడియో వరుసలో కాపీరైట్ అన్న మాట మీద నొక్కితే వివరాలు తెరుచుకుంటాయి, ఫారం అక్కడే ఉంటుంది. దానికి ముందు వీడియోను గడియారం పక్కన పెట్టుకుని చూసి ఒక కాగితం మీద రాసుకోండి: పాట ఎన్నో నిమిషంలో మొదలైంది, ఎన్ని సెకన్లుంది, దాని తర్వాత మీరు ఏ మాట గురించి ఎంతసేపు మాట్లాడారు. ఫారంలో ఇంగ్లీషులో ఈ సంగతులే క్లుప్తంగా రాయండి. ఉదాహరణకు, నా వీడియో 12 నిమిషాల 40 సెకన్లు, పాట మూడు చోట్ల కలిపి 48 సెకన్లు, మొదటి ముక్క తర్వాత పల్లవిలోని ఫలానా సమాసం మీద 3 నిమిషాల వివరణ ఉంది, ఏ చోటా పూర్తి చరణం ఆగకుండా వినిపించలేదు, ఇది సమీక్ష, భారత కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(ఎ) కిందా అమెరికా కాపీరైట్ చట్టం సెక్షన్ 107 కిందా అనుమతి ఉన్న వాడకం. ఇంతే. కోపం, కన్నీళ్లు, కంపెనీ మీద తిట్లు వద్దు. మీవి కాని లెక్కలు రాయకండి. తెలిసి అబద్ధం రాస్తే శిక్షకు ఒప్పుకుంటున్నానని ఆ ఫారంలోనే సంతకం పెడుతున్నారు.

పంపే ముందు తెలుసుకోవలసిన ఇబ్బంది ఒకటుంది. మీ పూర్తి పేరు, చిరునామా, ఫోను నంబరు కంపెనీకి చేరతాయి. అమెరికాలో యూట్యూబ్ ఉన్న చోటి ఫెడరల్ కోర్టు పరిధికి ఒప్పుకుంటున్నానని కూడా రాయాలి. చాలామంది ఇక్కడే భయపడి ఆగిపోతారు. కంపెనీలకూ ఆ సంగతి తెలుసు. ఇంటి చిరునామా ఇవ్వడం ఇష్టం లేకపోతే మీ తరఫున లాయరు పంపవచ్చు. పంపాక కంపెనీకి అమెరికా లెక్కలో 10 పని దినాలు గడువు. ఆలోగా మీ మీద కోర్టుకు వెళ్లినట్టు ఆధారం చూపకపోతే వీడియో తిరిగొస్తుంది, స్ట్రైకు పోతుంది. ఈ వారంలో పంపితే నవంబరు 1 దాకా ఆగే పని లేకుండానే మీ లెక్క ఒకటికి దిగుతుంది.

కోర్టుకు వెళ్తే? వెళ్లవచ్చు, ఆ అవకాశం లేదని చెప్పను. మన కాపీరైట్ చట్టం సెక్షన్ 62 కింద కంపెనీ తన ఊళ్లోనే జిల్లా కోర్టులో దావా వేయగలదు, మీరు అక్కడికి వెళ్లి వాదించుకోవలసి వస్తుంది. సెక్షన్ 63 కింద తెలిసి చేసిన ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి, ఇది బెయిలు హక్కుగా దొరకని నేరమని సుప్రీంకోర్టు 2022 మే నెలలో చెప్పింది కూడా. అందుకే రెండో వీడియోకు కౌంటర్ పంపొద్దంటున్నాను. బలమున్న చోటే పట్టు పట్టాలి. 48 సెకన్ల సమీక్ష మీద దావా వేసి ఓడిపోతే, ఆ తీర్పు తమ మీదే పదిమంది వాడుకుంటారన్న లెక్క కంపెనీకీ ఉంటుంది.

ఇక ఆ వాట్సాప్ పెద్దమనిషి సంగతి. ఫోన్లో మాట్లాడకండి. మెసేజ్‌లన్నీ తేదీ, నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి. తర్వాత రాతలో మూడే అడగండి: మీరు కంపెనీ తరఫున మాట్లాడటానికి అధికార పత్రం ఏది, ఈ పాటల హక్కులు మీకు బదిలీ అయిన ఒప్పందం ప్రతి ఏది, లక్షన్నరకు ఏయే పాటలు ఎంతకాలం వాడుకోనిస్తారు. ఊరికే అడగమనడం లేదు. సెక్షన్ 19 ప్రకారం హక్కుల బదిలీ రాతలోనే ఉండాలి. 1995 మే తర్వాతి ఒప్పందంలో కాలం రాయకపోతే ఐదేళ్లనే లెక్క. పాత సినిమాల్లో నిర్మాత ఒకరికి, ఆయన వారసులు మరొకరికి, రికార్డుల కంపెనీ ఇంకొకరికి రాసిచ్చిన కాగితాలు ఉండొచ్చు. స్ట్రైకు వేసిన వాడికి నిజంగా హక్కుందా అన్నది ఎవరూ చూడరు, మీరు అడిగితే తప్ప. డబ్బు కట్టాక కూడా స్ట్రైకు తీయాల్సింది కంపెనీయే, యూట్యూబ్‌కు రిట్రాక్షన్, అంటే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నామన్న మాట, పంపి. ఆ మనిషి కంపెనీవాడు కాకపోతే మీ లక్షన్నర గోదాట్లో కలిసినట్టే.

ఇలాంటి బేరం మీ ఒక్కరిదే కాదు. 2025 మే నెలలో ఒక వార్తా సంస్థ తన క్లిప్పులు వాడిన యూట్యూబర్ల మీద స్ట్రైకులు వేసి లక్షల్లో లైసెన్సు డబ్బు అడుగుతోందన్న వివాదం దేశమంతా నడిచింది, ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. అక్కడా ఆయుధం ఇదే: మూడు స్ట్రైకులకు ఛానెల్ పోతుందన్న నియమం, దాని మీద 90 రోజుల గడియారం. నిజాయితీగా హక్కు కాపాడుకునేవాడికి పెట్టిన ఏర్పాటు బేరమాడేవాడికీ అంతే బాగా పనికొస్తుంది. మన చట్టంలో దీనికి విరుగుడు సెక్షన్ 60. ఆధారం లేకుండా కాపీరైట్ దావా వేస్తానని బెదిరిస్తే, బెదిరింపుకు గురైనవారే ముందు కోర్టుకు వెళ్లి, నేను ఉల్లంఘించలేదని ప్రకటన, బెదిరింపులు ఆపమని ఆదేశం, నష్టపరిహారం కోరవచ్చు. బెదిరించినవాడు ఆలస్యం చేయకుండా నిజంగానే దావా వేసి నడిపితే ఈ సెక్షన్ పనిచేయదు. మీరు దావా వేయక్కర్లేదు, మొదటి వీడియో విషయంలో మీ లాయరు జవాబులో ఈ సెక్షన్ పేరెత్తితే చాలాసార్లు అవతలి స్వరం మారుతుంది.

మనవరాలి కృతి మీద వచ్చిన క్లెయిమ్ సంగతి వేరు, అందులో మీది పూర్తిగా న్యాయమైన పక్షం. త్యాగరాజు 1847లో కన్నుమూశారు, ఆయన కృతులు అందరివీ. కానీ అదే కృతిని పాడిన విద్వాంసుల రికార్డింగులు కంపెనీలవి. యంత్రం స్వరం వింటుంది కానీ హక్కెవరిదో దానికి తెలియదు. ఒకే రాగం, ఒకే సంగతులు, ఒకే శ్రుతి పడితే పిల్ల పాటను పెద్ద విద్వాంసుడి క్యాసెట్టుగా పొరబడుతుంది. సంగీతం నేర్చుకునే ఇళ్లలో ఇది మామూలైపోయింది. అభ్యంతరం చెప్పేటప్పుడు కారణంగా పబ్లిక్ డొమైన్ (ఎవరి హక్కూ లేని, అందరిదైన రచన) ఎంచుకుని, కృతి త్యాగరాజుదని, పాడింది మనవరాలని, రికార్డు చేసింది మీరని, ఎక్కడ ఎప్పుడు రికార్డు చేశారో రాయండి. వయొలిన్, మృదంగం వాయించినవారు ఉంటే వాళ్ల అనుమతి ఉండాలి, ప్రదర్శకుల హక్కులు వాళ్లవి. వెనుక ఎక్కడినుంచో దించుకున్న కరోకే ట్రాకు ఉంటే మాత్రం అభ్యంతరం చెప్పకండి.

అయితే ఇప్పుడే చెప్పకండి. ఇదొక మెలిక. మీరు అభ్యంతరం చెప్పాక అవతలివారికి 30 రోజులు టైముంటుంది. ఆ టైములో వాళ్లు క్లెయిమ్ వదిలేయవచ్చు, కాదు మాదేనని నిలబడవచ్చు, మాట్లాడకుండా ఉంటే క్లెయిమ్ దానంతటదే పోతుంది. కానీ వాళ్లు కోపం తెచ్చుకుని వీడియో తీసివేత కోరవచ్చు కూడా. అదే మూడో స్ట్రైకు. రెండు స్ట్రైకులు మెడ మీద ఉండగా నూటికి నూరుపాళ్లు న్యాయమున్న గొడవ కూడా పెట్టుకోకూడదు. క్లెయిమ్ మీద అభ్యంతరానికి చివరి తేదీ లేదు. క్లెయిమ్ వచ్చిన ఐదు రోజుల్లోపు చెబితే మొదటి రోజు నుంచి వచ్చిన ప్రకటనల డబ్బు పక్కన పెడతారు, లేకపోతే చెప్పిన రోజు నుంచే, అంతే తేడా. ఆ కాస్త డబ్బు పోయినా ఫర్వాలేదు, మొదటి స్ట్రైకు పోయాక చెప్పండి. అభ్యంతరం తిరస్కరిస్తే అప్పీలుంది, అప్పుడు అవతలివారికి 7 రోజులే.

త్యాగరాజ కృతులంత తేలిక కాదు అన్నమయ్యవి. సాహిత్యం పదిహేనో శతాబ్దిది, కానీ మనం పాడుకునే చాలా బాణీలు ఇరవయ్యో శతాబ్దివి. బాణీ కట్టినవారు పోయాక అరవై ఏళ్ల దాకా ఆ బాణీకి హక్కుంటుంది. అన్నమయ్య కీర్తనలకు బాణీలు కట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ 1979లో పోయారు, లెక్క మీరే వేసుకోండి.

అరవై ఏళ్ల మాట సగం నిజం. సినిమాకు, సౌండు రికార్డింగుకు విడుదలైన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్లు. అంటే 1965లో విడుదలైనవాటికి 2025 చివరితో హక్కు తీరింది. కానీ సినిమా వేరు, అందులోని సాహిత్యం, సంగీతం వేరు. ఈ రెంటికీ రాసినవారు పోయిన ఏడాది నుంచి 60 ఏళ్లు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’నే తీసుకోండి. సినిమాగా, రికార్డింగుగా దాని హక్కు 2017తో తీరింది. పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు కాబట్టి సాహిత్యానికి 2031 చివరి దాకా హక్కుంది. ఘంటసాల 1974లో పోయారు కాబట్టి ఆయన బాణీలకు 2034 దాకా. అందులో కొన్ని బాణీలు కట్టిన సాలూరి రాజేశ్వరరావు 1999 దాకా ఉన్నారు. ఇంకా 2010లో విడుదల చేసిన రంగుల ప్రతి ఉంది, దాని మీద కొత్త హక్కు ఉందని వాదించేవాళ్లుంటారు. కాబట్టి పూర్తి పాట పెట్టడానికి సినిమా వయసు ఒక్కటే చూస్తే చాలదు. సమీక్షకు ఈ లెక్కలేవీ అడ్డు కావు, అది గుర్తుంచుకోండి.

ఇకముందు వీడియోలు ఇలా చేయండి. చరణాన్ని మీరే చదవండి, రాగం లేకుండా. పాట వినిపించక తప్పని చోట, ఏ మాట గురించి మాట్లాడబోతున్నారో ఆ మాట ఉన్న ముక్కనే పెట్టి వెంటనే మాట్లాడండి. కవి పేరు, సినిమా, సంవత్సరం చెప్పండి. శ్రుతి మార్చి, వేగం పెంచి యంత్రాన్ని మోసం చేసే చిట్కాలు కొందరు చెబుతారు. అవి వద్దు, దొరికితే మీ సదుద్దేశం మీదే అనుమానం వస్తుంది. క్లెయిమ్ వచ్చిన ముక్క అంత ముఖ్యం కాకపోతే స్టూడియోలోనే కత్తిరించవచ్చు, ఆ చోట శబ్దం ఆపవచ్చు. అలా చేస్తే క్లెయిమ్ పోతుంది.

నోరెత్తే వీలుంటుందా అన్న మీ చివరి ప్రశ్నకు వస్తే, చట్టం నోరు నొక్కలేదు, నొక్కుతున్నది చట్టం చుట్టూ అల్లుకున్న యంత్రాంగం. 2021 మొదటి ఆరు నెలల లెక్కలు యూట్యూబే బయటపెట్టింది. కంటెంట్ ఐడీ క్లెయిములు 72.2 కోట్లకు పైగా. అభ్యంతరం చెప్పినవి 37 లక్షలు, అంటే వందకు ఒకటి కూడా కాదు. చెప్పినవాటిలో అరవై శాతం అప్‌లోడ్ చేసినవారి వైపే తేలాయి. అడిగినవాళ్లలో సగానికి పైగా గెలుస్తున్నారు, అడగని వాళ్లలో ఎంతమందికి న్యాయముందో లెక్క కట్టినవారు లేరు.

మన చట్టంలో ఒక మంచి ఏర్పాటుంది. సెక్షన్ 52(1)(సి), కాపీరైట్ నియమాలు 2013లోని 75వ నియమం కింద, ఫిర్యాదు అందిన 36 గంటల్లో ఆ లింకును ఆపాలి, కానీ 21 రోజుల్లో ఫిర్యాదుదారు కోర్టు ఉత్తర్వు తేకపోతే తిరిగి తెరవచ్చు. అంటే కోర్టుకు వెళ్లాల్సిన భారం హక్కు నాదన్నవాడి మీద పెట్టారు. 2016 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు మైస్పేస్ అనే వెబ్‌సైట్ కేసులో, ఫలానా పాట ఫలానా చోట ఉందని నిర్దిష్టంగా తెలియజేస్తేనే వేదిక బాధ్యత అని, ముందుగానే అన్నీ జల్లెడ పట్టమనడం సరికాదని చెప్పింది. యూట్యూబ్ మాత్రం ప్రపంచమంతటికీ అమెరికా పద్ధతినే నడుపుతుంది. అక్కడా తీసేయమనే ముందు అది న్యాయమైన వాడకమేమో ఆలోచించి తీరాలని 2015లో అప్పీళ్ల కోర్టు చెప్పింది. ఒక తల్లి తన బిడ్డ పాటకు ఆడుతున్న 29 సెకన్ల వీడియో పెడితే తీయించిన కేసు అది. 2007లో మొదలై 2018లో రాజీతో ముగిసింది. పదకొండేళ్లు, 29 సెకన్ల కోసం.

పెద్ద ఎత్తున జరిగేది వెబ్‌సైట్ల నిలిపివేత, దాంట్లో మనకూ పాత్ర ఉంది. 2012లో ‘దమ్ము’ అనే తెలుగు సినిమా కోసం, ‘3’ అనే తమిళ సినిమా కోసం మద్రాసు హైకోర్టులో ఊరూ పేరూ లేని ప్రతివాదుల మీద ఉత్తర్వులు తెచ్చారు. ఇంటర్నెట్ కంపెనీలు వాటిని చూపించి వీడియోలు పెట్టుకునే విమియో వంటి సైట్లను మొత్తంగా ఆపేశాయి. తమ సొంత వీడియోలు అక్కడ పెట్టుకున్నవాళ్లకీ తలుపు మూసుకుంది. జూన్‌లో కోర్టే స్పష్టం చేసింది, ఆపాల్సింది పైరసీ కాపీ ఉన్న నిర్దిష్ట లింకును మాత్రమే, మొత్తం సైటును కాదు అని. అయినా 2017 ఆగస్టులో రెండు హిందీ సినిమాల కోసం తెచ్చిన ఉత్తర్వుల జాబితాలో ఇంటర్నెట్ ఆర్కైవ్ చేరిపోయింది. రెండువేల ఆరువందలకు పైగా పేర్లున్న జాబితా అది. ఆ ఆర్కైవ్ మన పాత తెలుగు పుస్తకాల స్కాన్లు వేలకొద్దీ ఉన్న చోటు! 2019లో ఢిల్లీ హైకోర్టు పైరసీ సైట్లు పేరు మార్చి వస్తే కొత్త దావా లేకుండానే ఆ పేర్లనూ జాబితాలో చేర్చే పద్ధతి తెచ్చింది. 2023 నవంబరు నుంచి కేంద్ర సమాచార ప్రసార శాఖ అధికారులే 48 గంటల్లో నిలిపివేతకు ఆదేశించగలరు. సినిమా విడుదలైన రోజే దొంగ కాపీలు పెట్టేవాళ్ల మీద ఇవి వాడితే తప్పుపట్టను. జాబితా తయారుచేసేవాడు ఒక్కో లింకు తెరిచి చూడనప్పుడే నష్టం.

మీ విషయంలో యూట్యూబ్ లోపలి దారులు మూసుకుపోతే, ముందు దాని గ్రీవెన్స్ ఆఫీసరుకు, అంటే ఫిర్యాదులు చూసే అధికారికి రాయండి. ఆ జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోపు కేంద్రం పెట్టిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లోనే అప్పీలు చేసుకోవచ్చు, ఫీజు లేదు. కౌంటర్ నోటిఫికేషన్ పంపాక కోర్టు సమన్లు వస్తే మాత్రం వాటిని పక్కన పెట్టకండి, వాయిదాకు ఎవరూ హాజరు కాకపోతే మీ మాట వినకుండానే తీర్పు వస్తుంది. లాయరు ఖర్చుకు వెనకాడక్కర్లేదు. న్యాయ సేవల చట్టం సెక్షన్ 12 కింద ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలందరికీ ఉచితంగా లాయరును ఇస్తారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు స్ట్రైకు మెయిళ్లు, వాట్సాప్ స్క్రీన్‌షాట్లు, మీరు రాసుకున్న ఆ నిమిషాలు సెకన్ల కాగితం పట్టుకెళ్లండి.